ఢిల్లీలో ఒక బస కోసం

మా అమ్మగారి పుట్టింటి గోడపై ఒక పాత క్యాలెండరు ఉండేదట. సంవత్సరాలు మారినా దానిని ఎవరూ తీసివేయలేదు. దానిపై ఢిల్లీ జామా మస్జిద్ చిత్రం ఉండటమే అందుకు కారణం. ఎర్రరాతి గోడలు, మూడు తెల్లని గుమ్మటాలు, ఎత్తైన మెట్ల వరుస. ఆ బొమ్మను చూస్తూ పెరిగిన అమ్మగారు డెబ్బై నాలుగేళ్ల వయసులో ఒకనాడు ఇషా నమాజు తరువాత మమ్మల్ని పిలిచి, "బేటా, ఆ మెట్లెక్కి లోపల రెండు రకాతులు చదువుకోవాలని ఉంది. మోకాళ్లు పూర్తిగా మొరాయించక ముందే తీసుకొని వెళ్తావా?" అని అడిగారు.

ప్రత్యేక పుణ్యాపేక్షతో ప్రయాణం కట్టవలసిన మస్జిద్‌లు మూడే అన్న ప్రవక్త (స) బోధన అమ్మగారికి తెలియనిది కాదు. మక్కా, మదీనా, బైతుల్ మఖ్దిస్‌లకు ఉన్న ఘనత మరి దేనికీ లేదు. అందుచేత దీనిని మేము పుణ్యయాత్రగా తలపెట్టలేదు. భూమిపై సంచరించి, గతించిన జాతుల జాడలు చూసి గుణపాఠం నేర్చుకొమ్మని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ప్రోత్సహిస్తున్నది. పిల్లలకు దసరా సెలవులు. మదర్సాలో మాకూ వారం రోజుల సెలవు దొరికింది. తల్లి కోరిక తీర్చడం, పిల్లలకు దేశ రాజధానిని చూపడం అనే రెండు ఉద్దేశాలతో కర్నూలు నుంచి ఢిల్లీకి బయలుదేర నిశ్చయించుకొన్నాము.

మేము మొత్తం ఆరుగురం. అమ్మగారు, మేము, పిల్లల తల్లి, డిగ్రీ చదువుతున్న పెద్దమ్మాయి, పద్నాలుగేళ్ల అబ్బాయి, పదేళ్ల చిన్నమ్మాయి. రైలు టికెట్లు రెండు నెలల ముందే దొరికాయి. చిక్కంతా బస దగ్గరే వచ్చింది.

ఢిల్లీలో, ఓఖ్లా ప్రాంతంలో మాకొక దూరపు చుట్టం ఉన్నారు. ఫోనులో సంగతి వినగానే, "మా ఇల్లుండగా హోటలేమిటి?" అన్నారు. వారిది రెండు గదుల ఇల్లు. అందులో ఇప్పటికే ఐదుగురు ఉంటారు. అతిథి మర్యాద మూడు దినాలు అనీ, ఆపైన చేసేది దానధర్మమనీ, ఆతిథ్యమిచ్చేవాడు ఇబ్బందిలో పడేంతకాలం అతని ఇంట ఉండిపోవడం తగదనీ మన ధర్మం నేర్పుతుంది. ఆతిథ్యం ఇవ్వడాన్ని గురించి మనం ఎంతో చెప్పుకొంటాము గాని, అతిథికి గల బాధ్యతను గురించి చెప్పుకొనేది తక్కువ. ఐదు రాత్రులు ఆరుగురం వారిపై భారం కారాదనుకొని, ఒక పూట భోజనానికి మాత్రం వస్తామని మాట ఇచ్చాము.

ఇక హోటలు. మాకు రెండు గదులు కావాలి. ఒకటి స్త్రీలకు, ఒకటి మాకూ అబ్బాయికీ. రెండు గదులకు కలిపి రాత్రికి 2,200 రూపాయలు దాటరాదని లెక్క వేసుకొన్నాము. పెద్దమ్మాయి ఫోనులో వెదికి నగరంలోని ఒక పేటలో గది 1,100 చొప్పున చూపించింది. ఫోటోలు ముచ్చటగా ఉన్నాయి. పరుపులపై తెల్లని దుప్పట్లు, గోడకు టీవీ. జామా మస్జిద్‌కు ఎంత దూరమని అమ్మగారు అడిగితే, "అదే ఊరు కదమ్మా" అని జవాబిచ్చాము. మహానగరం విషయంలో ఇది అర్థం లేని జవాబని అప్పటికి మాకు తోచలేదు. కర్నూలులో ఆ చివర నుంచి ఈ చివరకు ఆటోలో పోయేంత సేపు ఢిల్లీలో ఒక కూడలి దాటడానికే పడుతుంది.

మధ్యాహ్నం హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకు చేరవలసిన రైలు రాత్రి తొమ్మిదిన్నరకు చేరింది. ఆ స్టేషనును ఆనుకొని ఉన్న పేట పేరు సరాయ్ కాలే ఖాన్. సరాయి అంటే బాటసారులు బస చేసే సత్రమని పిల్లలకు చెప్పి, "చూడండి, ఈ నగరం మనల్ని సత్రం పేరుతో ఆహ్వానిస్తున్నది" అన్నాము. రెండు ఆటోలు మాట్లాడుకొని, ముప్పావు గంట ప్రయాణించి, మేము డబ్బు కట్టిన హోటలుకు చేరాము.

కౌంటరు వద్ద ఉన్న యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. ఫోనులోని బుకింగు చూసి తల ఊపాడు. ఆధార్ కార్డులు అడిగి తీసుకొన్నాడు. కార్డుల వంక, మా గడ్డం వంక, బురఖాలలో ఉన్న మా వారి వంక చూశాడు. లోపలి గదిలోకి వెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు. "గదులు ఖాళీ లేవు. నెట్‌లో పొరపాటుగా చూపించింది. మీ వైపు నుంచి క్యాన్సిల్ చేసుకోండి" అన్నాడు. మేము నచ్చజెప్పుతుండగానే మరొక కుటుంబం వచ్చింది. వారికి తాళంచెవి అందించాడు. అబ్బాయి ముఖం ఎర్రబడింది. వాడి భుజంపై చేయి వేసి బయటికి తీసుకొని వచ్చాము. అమ్మగారు హోటలు మెట్టుపై, సామాను సంచిని ఆనుకొని కూర్చున్నారు. సమయం పదకొండు కావస్తున్నది.

"అబ్బా, మన పేర్లు చూసేనా?" అని పెద్దమ్మాయి అడిగింది. ఆ రాత్రి మేము జవాబు చెప్పలేదు.

పిల్లల తల్లి, "ఓఖ్లా వారికి ఫోను చేయండి" అన్నది. అర్ధరాత్రి ఆరుగురం వారి తలుపు తట్టడం భావ్యం కాదన్నాము. అది మర్యాదయో, అభిమానమో, నేటికీ నిశ్చయించుకోలేకున్నాము. తరువాత ఈ సంగతి తెలిసి ఆ చుట్టంగారు నొచ్చుకొన్న తీరు చూస్తే, అందులో అభిమానం పాలే అధికమేమో అనిపిస్తున్నది. కష్టంలో ఉన్నవాడు అడగడం భారం కాదు. అడగకపోతే అవతలివారికి దక్కవలసిన పుణ్యాన్ని మనమే అడ్డుకొన్నట్లవుతుంది.

మళ్లీ రెండు ఆటోలు. ఈసారి, ముందే పోవలసిన చోటికి, అనగా జామా మస్జిద్ ప్రాంతానికి పోయాము. మస్జిద్ దక్షిణ ద్వారం ఎదుట మటియా మహల్ వీధి. అర్ధరాత్రి వేళ కూడా అక్కడ కబాబుల పొయ్యిలు మండుతున్నాయి. ఆటో లోపలికి పోలేదు. అమ్మగారిని సైకిలు రిక్షాలో కూర్చోబెట్టి, మేము సామానుతో వెంట నడిచాము. రెండు లాడ్జీలు చూశాము. ఒకదానిలో గది 1,300. రెండవదానిలో 800, అయితే మూడవ అంతస్తులో, లిఫ్టు లేదు. రాత్రికి వెయ్యి రూపాయలు మిగులుతుంది, ఐదు రాత్రులకు ఐదు వేలు. దుబారా చేసేవారు షైతాను సోదరులని ఏటా పాఠం చెప్పే మేము రెండవదే ఖాయం చేశాము. పొదుపు చేశామన్న తృప్తి కూడా కలిగింది.

ఆ లాడ్జీకి యాభై నాలుగు మెట్లు. ఇరుకైనవి, నిటారుగా ఉన్నవి. పట్టుకోవడానికి ఒక పక్క తాడు మాత్రమే ఉన్నది. అమ్మగారు ఒక చేత్తో తాడు, మరొక చేత్తో పెద్దమ్మాయి భుజం పట్టుకొని ఎక్కారు. ప్రతి మలుపులోనూ కూర్చున్నారు. పైకి చేరే సరికి అర్ధగంట పట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. పడుకొనే ముందు మాత్రం, "ఇక్కడ నుంచి మస్జిద్ కనబడుతుందా?" అని అడిగారు. కిటికీ తెరిచి చూశాము. ఎదురింటి గోడ కనబడింది.

తెల్లవారుజామున జామా మస్జిద్ నుంచి ఫజ్ర్ అజాన్ వినిపించింది. దాదాపు 1,900 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినది ఆ పిలుపు వినడానికే. అమ్మగారు లేచి కూర్చొని, కాళ్లు కిందికి దించబోయి, ఆగిపోయారు. రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. "మీరు వెళ్లి రండి. నేను ఇక్కడే చదువుకొంటాను" అన్నారు. అబ్బాయితో కలిసి ఆ యాభై నాలుగు మెట్లు దిగుతూ ఉంటే మాకు విషయం బోధపడింది. మస్జిద్ దక్షిణ ద్వారానికి ఉన్నవి 33 మెట్లు. వాటిని ఎక్కడం కోసం అమ్మగారు మోకాళ్లలో దాచుకొన్న శక్తిని మేము రాత్రికి వెయ్యి రూపాయల కోసం ఈ మెట్లపై ఖర్చు చేయించాము. డబ్బు మిగిల్చినది మేము. వెల చెల్లించినది అమ్మగారు. దుబారా ఒక పాపమైతే, మన పిసినారితనపు భారాన్ని మరొకరి మీద మోపి దానికి పొదుపని పేరు పెట్టడం ఇంకొక పాపం. ఖర్చు విషయంలో దుబారాకూ లోభత్వానికీ నడుమ నిలిచేవారే దైవదాసులని బోధించే సూరా ఫుర్ఖాన్ వాక్యాన్ని మేము ఇన్నేళ్లుగా ఒక కొస నుంచే చెబుతూ వచ్చామా అనిపించింది.

నమాజు తరువాత ద్వారం దగ్గర టీ కొట్టు వద్ద నిలబడి, మంచి బస ఎక్కడ దొరుకుతుందని అడిగాము. టీ కాస్తున్న పెద్దమనిషి ఎవరెవరు ఉన్నారని ప్రశ్నించాడు. వృద్ధురాలైన తల్లి ఉన్నదనగానే, "మౌలానా, ముందు గది చూడకండి, మెట్లు చూడండి" అన్నాడు. బసను గురించి మాకు దొరికిన మొదటి సరైన పాఠం అదే. అతడు చెప్పిన ప్రకారం ఉర్దూ బజార్ వైపు నడిచి, నాలుగు చోట్ల విచారించి, చిన్నదే అయినా లిఫ్టు ఉన్న ఒక హోటలు చూశాము. గది 1,300 రూపాయలు. యజమాని మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "వేడినీళ్లు ఎన్ని గంటలకు కావాలి?" అన్నది. రెండు గదులూ చూసి, కొళాయిలు తిప్పి, తలుపు గడియలు వేసి చూసుకొని, నాలుగు రాత్రులకు డబ్బు కట్టాము.

ఆ పూట లెక్క మళ్లీ వేశాము. మొదటి హోటలులో ఐదు రాత్రులకు 11,000. అక్కడి నుంచి చూడవలసిన చోట్లకు ఆరుగురం రెండు ఆటోలలో పోయి రావడానికి రోజుకు 800 చొప్పున మరొక 4,000. మొత్తం 15,000. ఉర్దూ బజార్ హోటలులోనే ఐదు రాత్రులూ ఉండి ఉంటే 13,000. జామా మస్జిద్ మెట్రో స్టేషను నడక దూరంలోనే ఉన్నది. మెట్రోకు రోజుకు 400 వేసుకొన్నా 2,000. అదీ 15,000 మాత్రమే. చౌక అని మేము భావించినదానికీ ఖరీదు అని భావించినదానికీ ఒక్క రూపాయి తేడా లేదు. గది అద్దె ఒక్కటే బస ఖర్చు కాదు. రాకపోకలు, భోజనం, శ్రమ అన్నీ కలిపి చూస్తే గాని చౌక ఏదో తెలియదు.

అమ్మగారు ఒకటిన్నర రోజు విశ్రాంతి తీసుకొన్నారు. ఆ సమయంలో మేము పిల్లలను ఎర్రకోటకు తీసుకొని వెళ్లాము. పురావస్తు శాఖ వారి కట్టడాలలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. అదొక సౌకర్యం. సోమవారం ఎర్రకోట మూసి ఉంటుందని ముందే తెలుసుకొన్నాము. జామా మస్జిద్ వంటిదే ఈ కోట కూడా షాజహాన్ నిర్మాణం. మస్జిద్ 1650లో మొదలై 1656లో పూర్తయింది.

మూడవ రోజు పొద్దు కాస్త ఎక్కిన తరువాత, జనసమ్మర్దం లేని వేళ, అమ్మగారు దక్షిణ ద్వారం ముందు నిలబడ్డారు. చెప్పులు విప్పి పెద్దమ్మాయి చేతికిచ్చారు. ఐదేసి మెట్లకు ఒకసారి కూర్చుంటూ, చిన్నమ్మాయి పైకి లెక్క పెడుతూ ఉండగా, 33 మెట్లూ ఎక్కారు. పావుగంట పట్టింది. విశాలమైన ఆ ప్రాంగణాన్ని చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "క్యాలెండరులో ఈ హౌజు లేదు" అని మాత్రం అన్నారు. మధ్యనున్న ఆ కొలనులో వుజూ చేసుకొని, ఒక పక్కగా కూర్చొని రెండు రకాతులు చదువుకొన్నారు. సలాము తిప్పిన తరువాత చేతులెత్తి ఏమి వేడుకొన్నారో మాకు తెలియదు. మా కోసం కూడా వేడుకొని ఉంటారని మాత్రం తెలుసు. దానికి మేము అర్హులం కామన్న సంగతీ తెలుసు.

అక్కడే, ఆ ప్రాంగణపు నీడలో, పెద్దమ్మాయి తన ప్రశ్నను మళ్లీ అడిగింది. ఈసారి జవాబు చెప్పక తప్పలేదు. ఆ యువకుని హృదయంలో ఏమున్నదో మనం చూడలేదనీ, చూడనిదానికి సాక్ష్యం చెప్పడం తగదనీ అన్నాము. తాళంచెవి అందుకొన్నవారు ముందుగా బుక్ చేసుకొన్నవారే కావచ్చు. అయితే, పేరు చూసి గది లేదనడమన్నది ఈ దేశంలో ఎక్కడా జరగనే జరగదని కూడా మేము చెప్పలేదు. పిల్లలకు అబద్ధం చెప్పి సంతోషపెట్టడం శిక్షణ కాదు. మన రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ క్లాజు దుకాణాలు, హోటళ్ల ప్రవేశం విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా పౌరులపై ఆంక్ష పెట్టడాన్ని నిషేధిస్తున్నది. ఆ హక్కు మనదనీ, దానిని శాంతంగా, వ్రాతపూర్వకంగా అడగడం నేర్చుకోవాలనీ చెప్పాము. ఆ హోటలు విషయంలో బుకింగు సంస్థకు పెద్దమ్మాయి చేతనే ఫిర్యాదు వ్రాయించాము. డబ్బు మూడు రోజులకు వాపసు వచ్చింది.

ఆ తరువాత సూరా కహఫ్‌లోని సంఘటనను జ్ఞాపకం చేశాము. శుక్రవారం నాడు ఆ సూరా చదివే ఇళ్లలో పిల్లలందరికీ తెలిసినదే. హజ్రత్ మూసా (అలైహిస్సలాం), హజ్రత్ ఖిజ్ర్ ఇద్దరూ ప్రయాణిస్తూ ఒక ఊరికి చేరి భోజనం అడుగుతారు. ఆ ఊరివారు ఆతిథ్యం నిరాకరిస్తారు. అదే ఊరిలో కూలిపోనున్న ఒక గోడ కనబడుతుంది. ఖిజ్ర్ దానిని నిలబెడతారు. కూలి కూడా తీసుకోరు. గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉన్నదని తరువాత తెలుస్తుంది. బస నిరాకరించబడిన బాటసారి ఆ ఊరికి ఏమి చేసి పోయాడన్నది ఆ కథలో మనకు పాఠం. "నిరాకరించినవారు ఒకరు, గోడ అవసరమైనవారు మరొకరు. ఊరంతటిపై కోపం పెంచుకొంటే అనాథల గోడ కూలిపోతుంది" అన్నాము. అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉండి, "అయినా, తప్పు తప్పే కదా అబ్బా?" అన్నాడు. తప్పేనని ఒప్పుకొన్నాము.

మిగిలిన రోజులలో మేము చూసిన వాటిలో రెండు చోట్లను ఇక్కడ ప్రస్తావించాలి. ఒకటి, ఢిల్లీ గేటు సమీపంలోని మెహ్దియాన్ ఖబ్రస్తాన్. హజ్రత్ షా వలీయుల్లాహ్ ముహద్దిస్ దెహ్లవీ (1703–1762), వారి కుమారులు షా అబ్దుల్ అజీజ్ తదితరులు అక్కడ విశ్రమిస్తున్నారు. మన మదర్సాలలో హదీసు పాఠం చెప్పే వారిలో అధికుల గురుపరంపర ఆ ఇంటి మీదుగానే పోతుంది. పిల్లలకు మా గురువుల గురువులను పరిచయం చేసినట్లయింది.

రెండవది, నిజాముద్దీన్ దర్గా ప్రాంగణంలోని జహానారా బేగం సమాధి. షాజహాన్ కుమార్తె అయిన ఈమె చాందినీ చౌక్ బజారును ఏర్పరచి, దాని పక్కనే ఒక గొప్ప సరాయిని కట్టించింది. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ దానిని ఎంతగానో మెచ్చుకొన్నాడు. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు దానిని నేలమట్టం చేశారు. ఆ స్థలంలోనే టౌన్‌హాలు లేచింది. వేలాది బాటసారులకు నీడనిచ్చిన ఆమె 1681లో మరణించింది. ఆమె సమాధిపై గుమ్మటం లేదు, కప్పు లేదు. పైన మట్టి, పచ్చగడ్డి మాత్రమే ఉన్నాయి. ఆ పక్కన నిలబడి ఫాతిహా చదువుతూ, లిఫ్టు లేని లాడ్జీని, గది ఇవ్వని హోటలును తలచుకొన్నాము. నగరం సరాయిలను కూల్చివేసినా వాటి పేర్లను విడువలేదు. కాలే ఖాన్, రోహిల్లా, యూసుఫ్, లాడో, బేర్, కట్వారియా... ఎన్ని సరాయిలు! బాటసారికి తావివ్వడం ఒకప్పుడు పాలకులు, ధనవంతులు పుణ్యకార్యంగా చేసిన పని. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. మన హైదరాబాదులో నాంపల్లి స్టేషను ఎదుటి సరాయి నిజాం కాలంలో వెలసినది. పూర్వపు హైదరాబాదు సంస్థాన ప్రాంతాల నుంచి హజ్‌కు వెళ్లేవారికి మక్కాలోని రుబాత్‌లో ఉచిత బస లభించడం కూడా ఆ సంప్రదాయపు ఫలమే.

మావలె కుటుంబంతో పెద్ద నగరానికి బయలుదేరే సోదర సోదరీమణుల కోసం మేము నేర్చుకొన్న కొన్ని విషయాలు చెబుతాము. ముందుగా, ప్రయాణం ఎవరి కోసమో, అందరిలో బలహీనులు ఎవరో నిర్ణయించుకొని, వారికి తగిన బస వెదకండి. లిఫ్టు ఉన్నదా, గది ఏ అంతస్తులో ఇస్తారు, మరుగుదొడ్డి గదిలోనే ఉన్నదా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి అన్నవి ఫోను చేసి అడగండి. ఫోటోలు ఇవేవీ చెప్పవు. ఎక్కువగా తిరగబోయే ప్రాంతంలోనే, మెట్రో స్టేషనుకు నడక దూరంలో గది చూసుకోండి. ఢిల్లీ మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి గనుక వృద్ధులకు అది ఆటోకంటే సుఖం.

రాత్రి చేరే ప్రయాణమైతే మొదటి రాత్రికి మాత్రం ముందుగా బుక్ చేసుకొని, మిగిలిన రాత్రులకు మరునాడు స్వయంగా చూసి మాట్లాడుకోవడం మేలు. బయలుదేరే ముందు రోజు హోటలుకు ఫోను చేసి, "ఆరుగురం, కుటుంబం, ఫలానా పేరు" అని స్పష్టంగా చెప్పండి. అక్కడ ఏదైనా అభ్యంతరం ఉంటే అది అర్ధరాత్రి వీధిలో కాక ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది. తీరా వెళ్లాక గది లేదంటే, క్యాన్సిల్ మీరు నొక్కకండి. నొక్కితే డబ్బు వాపసు చిక్కులో పడవచ్చు. నిరాకరించినది వారేనని సందేశంలో వ్రాయించుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 జ్ఞాపకం ఉంచుకోండి.

పెద్దవారందరి గుర్తింపు కార్డుల అసలు ప్రతులు వెంట ఉండాలి. గది ఖాళీ చేయవలసిన వేళ మధ్యాహ్నం పన్నెండా, లేక చేరినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలా అన్నది ముందే అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగనందువల్ల ఒక రోజు అద్దె అదనంగా పడినవారు ఉన్నారు. చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉన్నదా అని కూడా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై జీఎస్టీ 5 శాతం. ఒక్క రాత్రి పని అయితే, ఖరారైన రైలు టికెట్టు ఉన్నవారికి పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు చౌకగా దొరుకుతాయి. స్టేషను బయట, "మీ హోటలు మూతపడింది, నేను వేరే చూపిస్తాను" అని వెంటపడేవారి మాట మాత్రం వినకండి. దసరా, దీపావళి, చలికాలపు సెలవులలో అద్దెలు పెరుగుతాయి. ఆగస్టు 15, జనవరి 26లకు ముందు రోజులలో ఎర్రకోట పరిసరాలలో ఆంక్షలుంటాయి.

ఇక నమాజు సంగతి. పదిహేను రోజులకు తక్కువ ఉండే సంకల్పంతో వెళ్లిన ముసాఫిర్ హనఫీ ఫిఖహ్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్‌లను రెండుగా చదువుకొంటాడు. స్థానిక ఇమాము వెనుక చదివితే పూర్తిగా చదవాలి. మన ప్రాంతంలో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఢిల్లీలో దాదాపు నేరుగా పడమరే. గదిలో చేరగానే దిక్కు చూసుకొంటే రాత్రి తడుములాట ఉండదు. భోజనానికి జామా మస్జిద్ పరిసరాలలో హలాల్‌కు లోటు లేదు. కాని మూడవ నాటికి అమ్మగారికి అన్నం, పప్పుపై మనసు పోయింది. అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీనులో శాకాహార భోజనం చేశాము. గోంగూర పచ్చడి వేసుకొంటూ అమ్మగారు, "ఢిల్లీ బాగానే ఉన్నది" అన్నారు.

చివరి రోజు మా రైలు సాయంత్రం. గది గడువు మధ్యాహ్నం పన్నెండు. ఉదయం ఎనిమిదింటికి కౌంటరు వద్ద ఒక గ్రామీణ దంపతులు నిలబడి ఉన్నారు. తండ్రి ఒడిలో తలకు కట్టుతో ఏడెనిమిదేళ్ల బాలుడు. ఢిల్లీ గేటు సమీపంలోని ఆస్పత్రి నుంచి వస్తున్నారట. రాత్రంతా ఆస్పత్రి ఆవరణలో గడిపారట. మధ్యాహ్నం వరకు గది లేదని యజమాని విచారంగా చెబుతున్నాడు. పెద్దమ్మాయి టీ కోసం కిందికి పోయి ఈ దృశ్యం చూసి, పరుగున వచ్చి, "అబ్బా, మన గది ఇప్పుడే ఖాళీ చేద్దామా?" అన్నది. పావుగంటలో సర్దుకొన్నాము. ఆ దంపతుల పేరేమిటో, మతమేమిటో అమ్మాయి అడగలేదు. మేమూ అడగలేదు. సామాను కౌంటరు వద్ద ఉంచి, సాయంత్రం వరకు జామా మస్జిద్ ప్రాంగణంలో గడిపాము. అమ్మగారు ఆ 33 మెట్లను మరొకసారి ఎక్కారు.

ప్రయాణాలలో మన వెంట ఉన్న బలహీనులను అల్లాహ్ మనకు ముందుగా కనబడేటట్లు చేయుగాక! బాటసారికి తావిచ్చే మనసును మన ఇళ్లకూ, మన నగరాలకూ ప్రసాదించుగాక! ఆమీన్.